అప్పీలు వేయకపోవడమూ ఒక నిర్ణయమే

అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో నొగాలెస్ అనే చిన్న పట్టణం ఉంది. మెక్సికో సరిహద్దు కంచెను ఆనుకునే ఉంటుంది. కంచెకు ఇవతల ఉన్నది నొగాలెస్, అవతల ఉన్నదీ నొగాలెసే. ఇవతలి పిల్లల్లో ఎక్కువమంది ఇంట్లో మాట్లాడేది స్పానిష్, బడిలో పాఠం ఇంగ్లిష్‌లో. 1992లో అక్కడి తల్లిదండ్రులు కొందరు రాష్ట్రం మీద కోర్టుకెక్కారు. మా పిల్లలకు పాఠం అర్థం కావడం లేదు, అర్థమయ్యేలా చెప్పడానికి కావలసిన డబ్బు రాష్ట్రం ఇవ్వడం లేదు అన్నది వాళ్ల మొర. ‘ఫ్లోరెస్ కేసు’గా పేరుపడ్డ ఆ వ్యాజ్యం 23 ఏళ్లు నడిచింది.

బళ్లారిలోనో, హోసూరులోనో, బరంపురంలోనో, షోలాపూర్‌లోనో పిల్లల్ని తెలుగు బడికి పంపుతున్న వాళ్లకు ఈ మొర కొత్తది కాదు. తేడా మాత్రం ఒకటుంది. మన పిల్లలకు ఇంటి భాషలో చదివే బడి ఉంది, దాన్ని నిలుపుకోవడం మన కష్టం. నొగాలెస్ పిల్లలకు ఆ బడే లేదు. ఇంటి భాష వేరైనందుకు చదువులో వెనకబడకుండా చూడమని మాత్రమే వాళ్లు అడిగారు.

ఆ కేసులో ఒక మలుపు దగ్గర రాష్ట్రం తరఫున నిలబడ్డ న్యాయాధికారి ఒక మహిళ. మరో 20 ఏళ్లకు అదే రాష్ట్రంలో, అదే పదవిలో ఉన్న మరో మహిళ ముందుకు మళ్లీ బడి భాష గొడవే వచ్చింది. రాష్ట్ర అటార్నీ జనరల్ అనే ఆ పదవి గురించి, అందులోకి మహిళలు వచ్చిన దారి గురించి మనం తెలుసుకోవలసింది ఇందుకే. బడి భవితవ్యం విద్యాశాఖ ఫైళ్లలోనే తేలదు. ప్రభుత్వ వకీలు బల్ల మీద కూడా తేలుతుంది.

ఎవరీ అటార్నీ జనరల్?

ముందు పేరు దగ్గర తికమక పడకూడదు. మన దేశంలో అటార్నీ జనరల్ అంటే కేంద్ర ప్రభుత్వానికి పెద్ద వకీలు. రాజ్యాంగం 76వ అధికరణం కింద రాష్ట్రపతి నియమిస్తారు. రాష్ట్రానికి ఉండే పెద్ద వకీలును అడ్వకేట్ జనరల్ అంటాం. ఆయన్ని 165వ అధికరణం కింద గవర్నర్ నియమిస్తారు. అమెరికాలో ఈ రెండో పదవికే రాష్ట్ర అటార్నీ జనరల్ అని పేరు. 50 రాష్ట్రాలకు 50 మంది ఉంటారు.

పేరు కన్నా పెద్ద తేడా ఎంపికలో ఉంది. అక్కడ 43 రాష్ట్రాల్లో అటార్నీ జనరల్‌ను జనం ఓట్లేసి ఎన్నుకుంటారు. 5 రాష్ట్రాల్లో గవర్నర్ నియమిస్తారు. మెయిన్‌లో చట్టసభ, టెనెసీలో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు ఎంపిక చేస్తాయి. ఓట్లతో గెలిచిన వాళ్లను గవర్నర్ తీసేయలేరు. గవర్నర్‌ది ఒక పార్టీ, అటార్నీ జనరల్‌ది మరో పార్టీ కావడమూ మామూలే. అందుకే ఆ కుర్చీకి సొంత గొంతు ఉంటుంది.

పనులు చాలా ఉన్నా మనకు సంబంధించినవి మూడు. రాష్ట్రం మీద ఎవరైనా కేసు వేస్తే రాష్ట్రం తరఫున వాదించడం మొదటిది. ఓడిపోతే పై కోర్టుకు వెళ్లాలా, తీర్పును అమలు చేయాలా అనే సలహా కూడా ఇందులోదే. జనానికి నష్టం చేసే కంపెనీల మీద రాష్ట్రం పక్షాన దావా వేయడం రెండోది. చట్టానికి అర్థం ఏమిటని శాసనసభ్యులో, ప్రభుత్వ శాఖలో అడిగితే రాతపూర్వకంగా అభిప్రాయం చెప్పడం మూడోది. ఆ అభిప్రాయం కోర్టు తీర్పు కాదు. అయినా కింది కార్యాలయాలు దానికి చాలా విలువ ఇస్తాయి. ఒక జీవో అర్థం కాక డీఈఓ కార్యాలయం చుట్టూ తిరిగిన హెడ్మాస్టర్లకు అలాంటి కాగితం విలువేమిటో చెప్పనక్కర్లేదు.

1959లో తెరుచుకున్న తలుపు

అమెరికాలో ఒక రాష్ట్రానికి అటార్నీ జనరల్ అయిన తొలి మహిళ ఆన్ ఆల్పెర్న్. 1959లో పెన్సిల్వేనియా గవర్నర్ ఆమెను నియమించారు. అంతకుముందు పిట్స్‌బర్గ్ నగరానికి న్యాయాధికారిగా ఏళ్ల తరబడి పనిచేశారు. సరిగ్గా అదే ఏడాది మన దేశంలో అన్నా చాందీ కేరళ హైకోర్టు న్యాయమూర్తి అయ్యారు. మన దేశంలో హైకోర్టు బెంచీ ఎక్కిన తొలి మహిళ ఆమె.

నియామకం ఒక ఎత్తు, జనం ఓట్లతో గెలవడం మరో ఎత్తు. ఆ గెలుపుకు ఇంకో పాతికేళ్లు పట్టింది. 1984లో రోడ్ ఐలండ్ రాష్ట్రంలో ఆర్లీన్ వయొలెట్ గెలిచారు. ఆమె క్రైస్తవ సన్యాసిని. మఠంలో ఉంటూ రాజకీయ పదవికి పోటీ చేయడం కుదరదన్నప్పుడు మఠం వదిలి బరిలోకి దిగారు. గెలిచి ఒక్క పదవీకాలం చేశారు, 1986లో ఓడిపోయారు. మరుసటి ఏడాది, 1985లో, వర్జీనియాలో మేరీ స్యూ టెర్రీ గెలిచారు. ఆ రాష్ట్రంలో రాష్ట్రమంతటి ఓటుతో ఏ పదవికైనా గెలిచిన మొదటి మహిళ ఆమె.

1990ల నాటికి ఈ కుర్చీల్లో మహిళలు చేసిన పని దేశమంతటా కనిపించింది. వాషింగ్టన్ రాష్ట్ర అటార్నీ జనరల్ క్రిస్టీన్ గ్రెగ్వార్ పొగాకు కంపెనీలతో 1998లో కుదిరిన ఒప్పందంలో ముందు నిలిచి బేరసారాలు నడిపారు. 46 రాష్ట్రాలు ఒక్కటై సిగరెట్ కంపెనీల మెడలు వంచిన సందర్భం అది. మొదటి 25 ఏళ్లలో 20,600 కోట్ల డాలర్లు చెల్లించడానికి కంపెనీలు ఒప్పుకున్నాయి. పిల్లల్ని ఆకర్షించే కార్టూన్ బొమ్మలు సిగరెట్ ప్రకటనల్లో వాడబోమని కూడా రాసిచ్చాయి. గ్రెగ్వార్ తర్వాత ఆ రాష్ట్రానికి గవర్నర్ అయ్యారు. మిషిగన్‌లో జెన్నిఫర్ గ్రాన్‌హోమ్, మెయిన్‌లో జానెట్ మిల్స్, మసాచుసెట్స్‌లో మోరా హీలీ కూడా ఈ పదవి నుంచే గవర్నర్ పీఠానికి వెళ్లారు.

టైపిస్టు ఉద్యోగం ఇస్తామన్న రోజులు

ఇక అరిజోనాకు వద్దాం. అక్కడి కథ సాండ్రా డే ఓకానర్‌తో మొదలవుతుంది. ఆమె 1952లో స్టాన్‌ఫర్డ్‌లో న్యాయశాస్త్రం పూర్తి చేశారు, తరగతిలో ముందు వరుసలో నిలిచారు. లాయరు ఉద్యోగం ఎవరూ ఇవ్వలేదు. ఒక పెద్ద సంస్థ మాత్రం టైపు బాగా వస్తే లీగల్ సెక్రటరీగా తీసుకుంటామంది. ఆమె ఒక జిల్లా న్యాయాధికారి కార్యాలయానికి వెళ్లి, జీతం లేకుండానైనా పనిచేస్తానని చెప్పి చేరారు. 1965లో అరిజోనా అటార్నీ జనరల్ కార్యాలయంలో సహాయ అటార్నీ జనరల్ అయ్యారు. 1981లో అమెరికా సుప్రీంకోర్టుకు తొలి మహిళా న్యాయమూర్తిగా వెళ్లారు.

1998 ఎన్నికల్లో అరిజోనా మరో విశేషం చూసింది. గవర్నర్, విదేశాంగంతో సంబంధం లేని సెక్రటరీ ఆఫ్ స్టేట్, అటార్నీ జనరల్, కోశాధికారి, విద్యాశాఖ సూపరింటెండెంట్ - రాష్ట్రంలో ఎన్నికైన ఈ ఐదు పెద్ద పదవుల్లోకీ మహిళలే వచ్చారు. 1999 జనవరిలో వాళ్ల చేత ప్రమాణం చేయించడానికి సుప్రీంకోర్టు నుంచి ఓకానరే వచ్చారు. ఒకప్పుడు ఆమె సహాయకురాలిగా పనిచేసిన కార్యాలయానికి అధిపతిగా ఆ రోజు ప్రమాణం చేసింది జానెట్ నెపోలిటానో. ఏడేళ్లుగా నడుస్తున్న నొగాలెస్ కేసు ఆమెకు ఆ కుర్చీతోపాటే వచ్చింది.

150 డాలర్లు, 450 డాలర్లు

2000 జనవరిలో ఫెడరల్ జిల్లా కోర్టు తీర్పిచ్చింది. 1974 నాటి సమాన విద్యావకాశాల చట్టం ప్రకారం, భాష అడ్డంకిగా ఉన్న పిల్లలకు ఆ అడ్డంకి దాటించే చర్య రాష్ట్రం తీసుకోవాలి. ఇంగ్లిష్ నేర్చుకుంటున్న ఒక్కో పిల్లకు అదనంగా సుమారు 450 డాలర్లు కావాలని రాష్ట్రం చేయించుకున్న పాత లెక్కే చెబుతోంది. ఇస్తున్నది మాత్రం 150 డాలర్ల చొప్పున. ఈ అంకెకు ఆధారం లేదని, ఇది చట్టానికి విరుద్ధమని కోర్టు తేల్చింది.

ఓడిన ప్రభుత్వం సాధారణంగా ఏం చేస్తుందో మనకు తెలుసు. పై కోర్టుకు వెళుతుంది, స్టే తెచ్చుకుంటుంది, ఈలోగా పిల్లలు హైస్కూలు దాటిపోతారు. అరిజోనా ఆ తీర్పు మీద అప్పీలుకు వెళ్లలేదు. ఆ నిర్ణయం ఒక్కరిదే అనలేం. ప్రతివాదులుగా రాష్ట్ర విద్యామండలి వంటివీ ఉన్నాయి. కానీ తర్వాతి అడుగులో అటార్నీ జనరల్ పాత్ర రికార్డుల్లో స్పష్టంగా ఉంది. తీర్పు నొగాలెస్ ఒక్క ఊరికే ఇస్తే కుదరదని, రాష్ట్రమంతటా ప్రభుత్వ బడుల వ్యవస్థ ఒకే తీరుగా ఉండాలని అరిజోనా రాజ్యాంగం చెబుతోందని రాష్ట్రం తరఫు న్యాయాధికారే వాదించారు. 2001లో కోర్టు ఆ ఉత్తర్వును రాష్ట్రం మొత్తానికి వర్తింపజేసింది. ఒక సరిహద్దు పట్టణంలోని కొద్దిమంది తల్లిదండ్రులు వేసిన కేసు రాష్ట్రంలో ఇంటి భాష వేరైన పిల్లలందరి కేసు అయింది.

వకీలు పని గెలవడమే కదా, ఓటమిని ఇంకా పెద్దది చేసుకోవడం ఏమిటని ఎవరైనా అడగవచ్చు. తర్వాత అమెరికా సుప్రీంకోర్టు అడిగింది కూడా ఇంచుమించు అదే. కొందరు ప్రజాధికారులు తమకు నచ్చిన పనిని చట్టసభ చేత చేయించలేనప్పుడు కోర్టు ఉత్తర్వు చాటున చేయించుకుంటారని, డబ్బు మంజూరు చేయాల్సిన చట్టసభను అది పక్కన పెట్టడమేనని 2009 నాటి తీర్పు ఎత్తిచూపింది. ఈ విమర్శను కొట్టిపారేయలేం. రాష్ట్ర న్యాయాధికారికి కక్షిదారు ఎవరు? అప్పటి ప్రభుత్వమా, ఆ రాష్ట్ర జనమా? ఓట్లతో గెలిచి వచ్చిన వ్యక్తి, జనమే నా కక్షిదారు అనే అవకాశం అక్కడ ఉంది. నియమితులైన మన అడ్వకేట్ జనరల్‌కు ఆ వెసులుబాటు తక్కువ.

తీర్పు వచ్చాక మొదలైన బాధ

తీర్పుతో కథ సుఖాంతం కాలేదు. చట్టసభ డబ్బు పెంచడంలో జాగు చేసింది. 2006లో కోర్టు రోజుకు 5 లక్షల డాలర్లతో మొదలుపెట్టి జరిమానా విధించింది. మొత్తం 2 కోట్ల డాలర్లు దాటాక పై కోర్టు ఆ జరిమానాల ఉత్తర్వును రద్దు చేసింది. ఈలోగా నెపోలిటానో గవర్నర్ అయ్యారు. చట్టసభ పంపిన బిల్లులు చాలవని తిప్పికొట్టారు. చివరికి ఒకదాన్ని సంతకం పెట్టకుండానే చట్టం కానిచ్చారు.

2009లో సుప్రీంకోర్టు 5-4 తేడాతో కింది కోర్టుల ఉత్తర్వులను పక్కన పెట్టింది. డబ్బు లెక్క ఒక్కటే చూడకండి, బోధన పద్ధతి మారిందా, పరిస్థితులు మారాయా అన్నదీ చూడండి అని కేసును వెనక్కి పంపింది. 2013లో జిల్లా కోర్టు రాష్ట్రానికి అనుకూలంగా తీర్పు చెప్పింది. 2015లో అప్పీళ్ల కోర్టు దాన్ని ఖాయం చేసింది. కేసు వేసిన నాడు ఒకటో తరగతిలో ఉన్న ఆరేళ్ల పిల్లకు కేసు ముగిసిన నాటికి 29 ఏళ్లు.

ఈలోగా తరగతి గదిలో ఏం మారింది? 2000 నవంబరులో అరిజోనా ఓటర్లు 203వ ప్రతిపాదనను ఆమోదించారు. ఇంగ్లిష్ రాని పిల్లలకు బోధన ఇంగ్లిష్‌లోనే సాగాలన్నది దాని సారం. 2008 నుంచి అలాంటి పిల్లలను వేరే గదిలో కూర్చోబెట్టి, రోజుకు నాలుగు గంటలు ఇంగ్లిష్ భాష ఒక్కటే చెప్పే పద్ధతి పెట్టారు. బడి నడిచే ఆరేడు గంటల్లో నాలుగు భాషకే పోతే లెక్కలకు, సైన్సుకు, సాంఘికానికి ఏం మిగులుతుందో టీచర్లకు వివరించనవసరం లేదు. పిల్లలను విడదీస్తున్నారని, మిగతా సబ్జెక్టులు పోతున్నాయని ఆ పద్ధతి మీద ఏళ్ల తరబడి అభ్యంతరాలు వచ్చాయి. 2019లో చట్టసభ దాన్ని సడలించింది. వేరే బోధన నమూనాలను ఆమోదించే పని రాష్ట్ర విద్యామండలికి అప్పగించింది. సగం రోజు ఇంగ్లిష్‌లో, సగం రోజు మరో భాషలో చదివే ద్విభాషా తరగతులు అలా ఆమోదం పొందినవే.

280 ఓట్లతో గెలిచిన ఆమె

2022 ఎన్నికల్లో క్రిస్ మేయ్స్ అరిజోనా అటార్నీ జనరల్ అయ్యారు. పోలైనవి 25 లక్షల పైచిలుకు ఓట్లు. మళ్లీ లెక్కించాక తేలిన ఆధిక్యం 280. ఒకప్పుడు ఆమె పత్రికా విలేకరి. తర్వాత గవర్నర్ నెపోలిటానో దగ్గర పత్రికా వ్యవహారాలు చూశారు. నెపోలిటానో తర్వాత ఆ రాష్ట్రంలో ఈ కుర్చీలోకి వచ్చిన రెండో మహిళ ఆమె.

అదే ఎన్నికల్లో టామ్ హార్న్ విద్యాశాఖ సూపరింటెండెంట్‌గా మళ్లీ గెలిచారు. నొగాలెస్ కేసులో రాష్ట్రం పక్షాన పట్టుదలగా పోరాడింది ఆయనే. సుప్రీంకోర్టు తీర్పు మీద ఉన్న పేరూ ఆయనదే. 2023లో ఆయన ద్విభాషా తరగతులు 203వ ప్రతిపాదనకు విరుద్ధమన్నారు. వాటిని నడిపే బడులకు నిధులు ఆగిపోవచ్చని హెచ్చరించారు. బడులు ఇరుకున పడ్డాయి. తరగతి మూయాలా, నడపాలా?

శాసనసభ్యులు కొందరు అటార్నీ జనరల్ అభిప్రాయం కోరారు. 2023 జులైలో మేయ్స్ రాతపూర్వకంగా జవాబిచ్చారు. గమనించవలసిందేమిటంటే, ద్విభాషా బోధన మంచిదా చెడ్డదా అన్న జోలికి ఆమె పోలేదు. 203వ ప్రతిపాదనకు అది సరిపోతుందా లేదా అన్న చిక్కుముడినీ విప్పలేదు. నమూనాలను ఆమోదించే అధికారం చట్టం ఎవరికిచ్చింది అన్న ఒక్క ప్రశ్నే తీసుకున్నారు. ఆ అధికారం విద్యామండలిది, సూపరింటెండెంట్‌ది కాదు. మండలి ఆమోదం ఉన్నంతవరకు బడులు దాన్ని నమ్ముకుని నడుచుకోవచ్చు. ఇదీ ఆమె చెప్పింది. హార్న్ కోర్టుకు వెళ్లారు. 2024లో విచారణ న్యాయస్థానం ఆయన దావాను కొట్టేసింది.

మన బడుల కమిటీలకు ఇందులో ఒక పాఠముంది. భాష మీద ప్రేమ, పిల్లల మనసు, తరతరాల చరిత్ర - ఇవన్నీ నిజమే, సభల్లో చెప్పుకోవలసినవే. కాగితం దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఈ ఉత్తర్వు ఇచ్చే అధికారం ఈ అధికారికి ఉందా అన్న చిన్న ప్రశ్నే ఎక్కువ పని చేస్తుంది. తెలుగు సెక్షన్ మూసేయమనో, టీచరు పోస్టు మార్చేయమనో ఉత్తర్వు వచ్చినప్పుడు మొదట చూడవలసింది దాని కింద సంతకం ఎవరిది, ఏ నిబంధన కింద పెట్టారు అన్నదే.

మహిళ అయితే చాలా?

చాలదు. ఆ మాట దాచుకోవలసిన పని లేదు. అమెరికాలో గర్భస్రావ హక్కు మీద 2022లో సుప్రీంకోర్టు ఇచ్చిన పెద్ద తీర్పు మిసిసిపీ రాష్ట్రం గెలిచిన కేసు. ఆ హక్కును రద్దు చేయమని ఆ రాష్ట్రం తరఫున కోరిన అటార్నీ జనరల్ లిన్ ఫిచ్ కూడా మహిళే, ఆ రాష్ట్రంలో ఈ పదవికి వచ్చిన తొలి మహిళ. అదే హక్కు కోసం తమ రాష్ట్రాల పక్షాన నిలబడ్డ న్యూయార్క్ లెటీషియా జేమ్స్, మసాచుసెట్స్ మోరా హీలీ కూడా మహిళలే. నొగాలెస్ కేసులో 2000 నాటి తీర్పును నిలబెట్టాలని తర్వాత కోరిన అటార్నీ జనరల్ టెర్రీ గొడార్డ్ మగవాడు. కుర్చీలో ఎవరున్నా, ఏ పక్షం తీసుకున్నారన్నది వాళ్ల రాజకీయాన్ని, చట్టం మీద వాళ్ల అవగాహనను బట్టి ఉంటుంది.

బడి విషయంలో కమలా హారిస్ అనుభవం చూడండి. తల్లి చెన్నైలో పుట్టిన శ్యామలా గోపాలన్. హారిస్ 2011లో కాలిఫోర్నియాకు తొలి మహిళా అటార్నీ జనరల్ అయ్యారు. ప్రాథమిక పాఠశాలల్లో పిల్లలు బడి ఎగ్గొట్టడం మీద ఆమె కార్యాలయం 2013 నుంచి నివేదికలు వెలువరించింది. చిన్న తరగతుల్లో గైర్హాజరే తర్వాత చదువు మానేయడానికి దారి తీస్తుందన్న ఆమె ఆందోళనతో ఏ టీచరైనా ఏకీభవిస్తారు. కానీ అంతకుముందు ఆమె పట్టుబట్టి తెప్పించిన చట్టంలో, పిల్లలు మరీ ఎక్కువగా బడి మానేస్తే తల్లిదండ్రులకు జరిమానా, జైలు కూడా ఉన్నాయి. కొన్ని జిల్లాల్లో పేద తల్లిదండ్రుల మీద ఆ చట్టం ప్రయోగించారు. అలా జరిగినందుకు విచారిస్తున్నానని హారిస్ 2019లో చెప్పారు. మంచి ఉద్దేశంతో చేసిన చట్టాన్ని కూడా అమలు చేసే చేయి ఎవరిదో చూసుకోవాలి.

మరి ఆ పదవిలో మహిళ ఉండటం వల్ల ఏం ఒరిగింది అంటే, ముందు తరానికి లేని దారి తర్వాతి తరానికి ఏర్పడింది. ఓకానర్‌కు టైపు వచ్చా అని అడిగారు. నెపోలిటానోను ఆ ప్రశ్న అడిగే వీలు లేకపోయింది. మేయ్స్ వచ్చేనాటికి ఆ కుర్చీలో మహిళ కూర్చోవడం వార్త కూడా కాలేదు.

మన సంగతి

మన దేశంలో మహిళలు వకీలుగా నల్లకోటు వేసుకోవడానికి చట్టం 1923లో అడ్డు తొలగించింది. ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు 1978లో జస్టిస్ అమరేశ్వరి తొలి మహిళా న్యాయమూర్తి అయ్యారు. 2009లో ఇందిరా జైసింగ్ దేశంలో తొలి మహిళా అదనపు సొలిసిటర్ జనరల్ అయ్యారు. 2021లో జస్టిస్ హిమా కోహ్లీ తెలంగాణ హైకోర్టుకు తొలి మహిళా ప్రధాన న్యాయమూర్తిగా వచ్చారు. భారత అటార్నీ జనరల్ పదవిలో మాత్రం ఇప్పటివరకు మహిళ లేరు.

మన బడుల భవిష్యత్తును కోర్టులు ఎంతగా తీర్చిదిద్దాయో గుర్తు చేసుకుందాం. భాషాపరంగా అల్పసంఖ్యాకులెవరో రాష్ట్రాన్ని బట్టి లెక్కించాలని సుప్రీంకోర్టు 2002లో టీఎంఏ పాయ్ కేసులో చెప్పింది. ఆ కేసు కర్ణాటకలోని మణిపాల్ విద్యాసంస్థది. తెలుగువాళ్లు దేశంలో ఎన్ని కోట్లమంది ఉన్నా, కర్ణాటకలో, తమిళనాడులో, ఒడిశాలో, మహారాష్ట్రలో 30వ అధికరణం కింద సొంత బడి పెట్టుకుని నడుపుకునే హక్కు ఉందంటే దాని వెనక ఆ లెక్క ఉంది. ప్రాథమిక స్థాయిలో మాతృభాషా మాధ్యమాన్ని పిల్లల మీద రాష్ట్రం రుద్దలేదని, ఆ ఎంపిక తల్లిదండ్రులదని 2014లో కర్ణాటక కేసులో రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. అది ఇంగ్లిష్ మీడియం బడులు గెలిచిన కేసు. ఎంపిక మన చేతికే వచ్చింది కనుక, తెలుగు బడిని నిలుపుకునే భారమూ మన మీదే పడింది.

తమిళనాడు తల్లిదండ్రులకు మరో కేసు బాగా తెలుసు. 2006 నాటి తమిళ అభ్యసన చట్టం ప్రకారం పదో తరగతిలో తమిళ పరీక్ష రాయాలి. ఆ బడుల పిల్లలు మినహాయింపు కోసం హైకోర్టుకూ, అక్కడి నుంచి సుప్రీంకోర్టుకూ వెళ్లారు. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ ఏడాది పరీక్షకు మినహాయింపు ఇచ్చింది. పరీక్షలు దగ్గర పడ్డాక వచ్చిన, ఒక్క ఏడాదికే పరిమితమైన ఊరట అది. ఇలాంటి కేసుల్లో ఎదుటి బల్ల దగ్గర నిలబడేది రాష్ట్ర ప్రభుత్వ వకీళ్లే. వాళ్లు ఒక గడువుకు ఒప్పుకోవచ్చు, అభ్యంతరం లేదనవచ్చు, అప్పీలుకు పోకుండా ఉండవచ్చు. వాళ్లతో శత్రుత్వం అక్కర్లేదు. వాళ్ల ముందుకు మన కాగితం సరిగ్గా వెళ్లిందా అన్నదే ముఖ్యం.

అందుకని ప్రతి బడిలో ఒక ఫైలు ఉండాలి. మైనారిటీ గుర్తింపు ఉత్తర్వు, ఏడాది వారీగా తెలుగు మీడియం పిల్లల సంఖ్య, మంజూరైన పోస్టులు, ఖాళీలు, శాఖతో జరిపిన ఉత్తరప్రత్యుత్తరాలు తేదీల వరుసలో ఉండాలి. నొగాలెస్ వాళ్లకు పని చేసింది కన్నీళ్లు కాదు, 150, 450 అన్న రెండు అంకెలు. కింది స్థాయిలో జవాబు రాకపోతే 350బి అధికరణం కింద ఏర్పాటైన భాషాపరమైన అల్పసంఖ్యాక వర్గాల కమిషనర్‌కు రాయవచ్చు. మాతృభాషలో ప్రాథమిక బోధనకు వసతులు కల్పించమని 350ఎ అధికరణం రాష్ట్రాలకు చెబుతోందని ఆ ఉత్తరంలో పేర్కొనవచ్చు. కోర్టు ఆఖరి మెట్టుగా ఉండాలి. అది పిల్లల వయసుతో పాటు నడవదు.

ఇంకో పని ఆడపిల్లల తల్లిదండ్రులది. తొమ్మిది, పది తరగతుల్లో ఏమవుతావమ్మా అని అడిగితే టీచరు, నర్సు, బ్యాంకు ఉద్యోగం, ఇంజినీరు అంటారు. లాయరు అనే పిల్ల అరుదు. అంటే ఇంట్లో ఒప్పుకునే తండ్రి ఇంకా అరుదు. కోర్టు మన ఆడపిల్లలకు తగిన చోటు కాదన్న భయం, ఇంగ్లిష్ రాదన్న బెంగ రెండూ ఉన్నాయి. రెండో బెంగకు కారణం లేకపోలేదు. హైకోర్టుల్లో వాదనలు ఇంగ్లిష్‌లో సాగుతాయి, జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాల ప్రవేశ పరీక్ష క్లాట్ కూడా ఇంగ్లిష్‌లోనే. ఆరో తరగతి నుంచే ఇంగ్లిష్ మీద శ్రద్ధ పెట్టాలి. ఇంటర్ తర్వాత ఐదేళ్ల కోర్సు, డిగ్రీ తర్వాత మూడేళ్ల కోర్సు ఉన్నాయి. మొదటిసారి రాకపోతే రెండో దారి తెరిచే ఉంటుంది.

మన పిల్లలకు ఉన్న ఒక బలం పెద్ద నగరాల పిల్లలకు లేదు. కింది కోర్టుల్లో రాష్ట్ర భాష నడుస్తుంది. కక్షిదారు తెలుగులో చెప్పుకున్న గోడు పూర్తిగా అర్థం చేసుకుని, దాన్ని కన్నడంలోనో తమిళంలోనో ఒడియాలోనో మరాఠీలోనో పిటిషన్‌గా రాసి, రేపు హైకోర్టులో ఇంగ్లిష్‌లో వాదించగల మనిషి సరిహద్దు జిల్లాల్లో ఎంతమందికి కావాలి! రెండు భాషల మధ్య పెరగడం భారమని మన పిల్లలు అనుకుంటూ వచ్చారు. వకీలు వృత్తిలో అదే పెట్టుబడి.

హైకోర్టులో పదేళ్లు వకీలుగా పనిచేసిన వ్యక్తి అడ్వకేట్ జనరల్ కావడానికి రాజ్యాంగం ప్రకారం అర్హులే. ఇవాళ ఎనిమిదో తరగతిలో ఉన్న పిల్ల చదువు ముగించి, ఆ పదేళ్లూ పూర్తి చేసేసరికి ఇంకా నలభై ఏళ్లు కూడా నిండవు. అప్పటికి ఏదో ఒక తెలుగు బడి ఫైలు ఆమె బల్ల మీదకు వస్తుంది. అప్పీలు వేయాలా వద్దా అని ఎవరో ఆమె సలహా అడుగుతారు.